చిలికా సరస్సు: క్షయము, పునరుద్ధరణము

కోరాపుటు, రాయగడ ప్రాంతముల ఆంధ్రులు రైలులో భువనేశ్వరమునకు పోవునపుడు విజయనగరము చేరి, అచటినుండి పలాస, బరంపురముల మీదుగా ఉత్తరమునకు సాగుదురు. రంభ స్టేషను సమీపించుసరికి కుడివైపున కొండల నడుమ నీరు కానవచ్చును. కొంతదూరము పోయిన పిదప ఆవలిగట్టు కనబడదు. మొదటిసారి చూచినవారు అది సముద్రమేయని తలచుట కలదు. కాని అది సముద్రము కాదు, మంచినీటి చెరువును కాదు. నదుల నీరును కడలి నీరును కలసి నిలచిన చిలికా సరస్సు అది.

ఇరువదవ శతాబ్ది ముగియుచున్న కాలమున ఈ సరస్సునకు ఇక ఆయువు లేదని పలువురు తలచిరి. చేపలు తగ్గెను, నీటి రుచి మారెను, కలుపు పెరిగెను, జాలరుల బ్రదుకు బరువయ్యెను. 2000 సంవత్సరమున త్రవ్వబడిన ఒక క్రొత్త మొగ వలన సరస్సు మరల తేరుకొన్నది. నదిగాని ఉప్పుకయ్యగాని కడలిలో కలియుచోటును తీరవాసులు మొగ యందురు. ఈ మొగ చరిత్రయే చాలవరకు చిలికా చరిత్ర. సరస్సు ఏల క్షీణించెను, ఎట్లు కోలుకొనెను, ఆ మేలు ఎవరికి ఎంత దక్కెను అను మూడు ప్రశ్నలను ఈ వ్యాసమున విచారింపవలసియున్నది.

కొండసీమలోని ఆంధ్రులకు ఈ సరస్సు కేవలము దారిలోని దృశ్యము కాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు జయపురము జమీందారీ విశాఖపట్టణము జిల్లాలోనిది. చిలికా దక్షిణతీరము గంజాము జిల్లాలోనిది. రెండును మద్రాసు రాజధానికి లోబడినవి. ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడిననాడు ఆ రెండు భూభాగములును ఒకేసారి అందు చేరినవి. నేటి రాయగడ జిల్లా 1992లో కోరాపుటునుండి విడివడినది. కావున చిలికా దక్షిణపు ఒడ్డునకును తూర్పుకనుమల ఈ గ్రామములకును చాలకాలము ఒకే పాలనచరిత్ర కలదు.

ఉనికియు స్వభావమును

చిలికా నేడు పూరీ, ఖుర్దా, గంజాము జిల్లాలలో వ్యాపించియున్నది. వేసవిలో దీని వైశాల్యము సుమారు 900 చదరపు కిలోమీటర్లు. వర్షర్తువులో అది 1,165 చదరపు కిలోమీటర్ల వరకు పెరుగును. పొడవు 64 కిలోమీటర్లకు పైబడును. ఇంత విశాలమైనను దీనికి లోతు లేదు. పెక్కుచోట్ల వెదురుగెడ నీటిలో దింపినచో అడుగు తగులును. మిక్కిలి లోతైనచోట సయితము నాలుగు మీటర్లకు కొంచెమే హెచ్చు.

లోతు తక్కువయగుటయే ఈ సరస్సు సంపదకును అపాయమునకును మూలము. సూర్యరశ్మి అడుగువరకు చేరును. నీటిగడ్డియు నాచును పెరుగును. వానిని తిని చిన్నప్రాణులును, వానిని తిని చేపలును, చేపలను తిని పక్షులును బ్రదుకును. లోతైన సరస్సులో జానెడు ఒండ్రు చేరినను తెలియరాదు. ఇటువంటి సరస్సులో అదే ఒండ్రు కొన్ని ఏండ్లలో నీటిని మెరక చేయగలదు.

దీనికి నీరు మూడు వైపులనుండి వచ్చును. ఉత్తరమున మహానది పాయలైన దయా, భార్గవి, నూనా మొదలగునవి మంచినీటిని తెచ్చును. అశోకుని కళింగయుద్ధముతో పేరుపొందిన ధౌళి కొండ ఆ దయానది ఒడ్డుననే కలదు. పడమటి కొండలనుండి సాలియా, కుసుమి, కంసారి మొదలగు చిన్న ఏరులు దిగును. తూర్పున ఇసుకదిబ్బను చీల్చుకొని సముద్రపు పోటునీరు ప్రవేశించును. అందుచేత ఉత్తరభాగమున ఉప్పు తక్కువ, మధ్యభాగమున నడితరము, మొగ చెంతను కాలువలో ఎక్కువ. ఋతువును బట్టి ఈ పాళ్ళు మారుచుండును. వర్షకాలమున సరస్సులో పెద్దభాగము మంచినీటి మయమగును. వేసవిలో ఉప్పు పైచేయియగును. ఈ మార్పునకు అలవడిన జీవులే ఇచటివి.

పుట్టుక: కథలును శాస్త్రమును

సరస్సు పుట్టుకను గూర్చి ఉత్కళదేశమున ఒక కథ ప్రచారములో నున్నది. రక్తబాహుడను విదేశీయుడు పెద్ద నౌకాదళముతో పూరీని దోచుకొనుటకు వచ్చి, కనబడకుండ దూరముగా లంగరు వేసెనట. ఓడలనుండి పడిన చెత్త అలలపై ఒడ్డునకు కొట్టుకొనివచ్చుటచే పురజనులు శత్రువు రాకను గ్రహించి సొత్తుతో తప్పించుకొనిరట. సముద్రము తన రహస్యమును బయటపెట్టెనని కోపించి రక్తబాహుడు సేనతో దానిపై దండెత్తగా, అది మొదట వెనుకకు తగ్గి, పిమ్మట పొంగి సేనను ముంచివేసెనట. ఆ పొంగిన నీరే చిలికా యని కథ.

శాస్త్రజ్ఞులు చెప్పు వృత్తాంతము వేరైనను, అందును సముద్రము ముందుకు వచ్చుటయు వెనుకకు పోవుటయు కలదు. కొన్నివేల ఏండ్లక్రిందట ఇది బంగాళాఖాతములోని ఒక వంపు. సముద్రమట్టము స్థిరపడిన తరువాత, నైరుతి గాలుల కాలమున అలలు ఏటవాలుగా తీరమును తాకి ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు నెట్టుచు వచ్చెను. ఆ ఇసుక పొడవైన దిబ్బగా పెరిగి వంపును సముద్రమునుండి వేరుచేసెను. మహానది పాయలు తెచ్చిన ఒండ్రు లోపలివైపున పరచుకొనెను. ఇసుకగోడ పూర్తిగా మూసికొనిపోకుండ నదుల వరదయు కడలి పోటును ఒక త్రోవను నిలుపుకొన్నవి. ఆ త్రోవయే మొగ. ఇసుక దానిని ఉత్తరమునకు త్రోయును; వరదయు తుపానును మరియొకచోట దిబ్బను తెగగొట్టును. చిలికా మొగ ఎన్నడును ఒకేచోట నిలిచియుండలేదు. ఈ విషయము తరువాతి వృత్తాంతమునకు కీలకము.

రేవులు, రాజ్యములు, జనులు

క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో టోలెమీ పేర్కొన్న పాలూరా యను రేవు సరస్సు దక్షిణపు కొననున్న పాలూరే యని చరిత్రకారులలో పెక్కురి అభిప్రాయము. ఆ పేరు చివరనున్న ‘ఊరు’ తెలుగు చెవికి పరాయిది కాదు. మొగ చెంతనున్న మాణికపట్నమున జరిగిన త్రవ్వకములలో చీనా పింగాణీ ముక్కలు మొదలైనవి దొరకినవి. ఓడలు ఈ మొగలో ప్రవేశించి తుపానుగాలికి చాటుగా నిలుచుటకు వీలుండిన కాలము ఒకటి కలదనుటకు ఇవి సాక్ష్యములు. పురుషోత్తమదేవుడు కంచిపై దండెత్తిపోవునపుడు జగన్నాథ బలభద్రులకు పెరుగు పోసిన గొల్లభామ మాణిక పేరే ఆ యూరికి వచ్చినదని ప్రజలు చెప్పుకొందురు.

పదునెనిమిదవ శతాబ్ది మధ్యమున ఉత్తరసర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమైనవి. ఉత్తరపు ఒడిశాను కంపెనీవారు 1803లో మరాఠాలనుండి గెలిచిరి. ఆ విధముగా దక్షిణపు ఒడ్డు మద్రాసునకును, ఉత్తరపు ఒడ్డు బంగాళమునకును లోబడినవి. ఒకే సరస్సులోని నీటిని రెండు ప్రభుత్వములు రెండు దృష్టులతో చూచినవి. రెంటికిని ముఖ్యము ఆదాయమే. తీరమున ఎండలో ఉప్పు పండించుటయు, చేపలు పట్టు హక్కును జమీందారుల ద్వారా గుత్తకిచ్చుటయు ఆ ఆదాయమునకు మార్గములు. పారికుదు, ఖల్లికోట మొదలగు జమీలక్రింద జాలరి కులములవారు తరతరములుగా తమ తమ నీటిపట్లను అనుభవించుచుండిరి. కేవుటులు, కండరాలు, తియరులు మొదలగువారు ఒక్కొక్కరు ఒక్కొక్క పద్ధతిలో చేపలు పట్టుదురు. వెదురుతడికలతో నీటిని అడ్డగించు పద్ధతికి జానో యనియు, వలలు పట్టి చేయు వేటకు బహాని యనియు పేర్లు. ఏ ఋతువులో, ఏ లోతులో, ఎవరు, ఏ సాధనముతో పట్టవలెనను కట్టుబాటు వ్రాయబడని శాసనమువలె నడచినది.

ఈ జనులలో తెలుగువారును ఉన్నారు. ఇసుకదిబ్బకు ఆవల సముద్రమున వేటాడు వాడబలిజలను, జాలారులను ఒడియావారు నోళియా లందురు. పూరీలోని పెంటకోట వాడనుండి గంజాము తీరమువరకు వీరి పల్లెలు కలవు. ఇంటిలో తెలుగు, సంతలో ఒడియా మాటాడు ఈ జనులు మొగ చెంతను సరస్సుతోడి వ్యవహారమునను చేరియున్నారు. చిలికాలో తెలుగు లేదనుట పొరపాటు. ఒడ్డున నిలచి చూచినవారికి అది వినబడదు, అంతియే.

ప్రకృతిశాస్త్ర దృష్టితో ఈ సరస్సును మొదట విరివిగా పరిశీలించినవారు నెల్సన్ అన్నండేల్, స్టాన్లీ కెంప్ అనువారలు. వారి పరిశోధనఫలములు 1915 మొదలుకొని కలకత్తా ఇండియన్ మ్యూజియము గ్రంథమాలలో వెలువడినవి. రంభ చెంతనున్న బర్కుడా దీవిలో కాళ్ళులేని ఒక విచిత్రమైన బల్లిని కనుగొని అన్నండేల్ 1917లో వర్ణించెను. చూచుటకు పామువలెనున్నను అది పాము కాదు. ఆ దీవి పేరుతోనే బర్కుడియా యని దానికి పేరు. 1985-87 నడుమ భారత జంతుశాస్త్ర సర్వేక్షణవారు జరిపిన పరిశీలనలో సరస్సునందును పరిసరములందును 800కు పైగా జీవజాతులు లెక్కకు వచ్చినవి. మొగకాలువలో నివసించు ఇరావతి డాల్ఫిను వానిలో ప్రసిద్ధము. శీతకాలమున మధ్య ఆసియా, సైబీరియా, లడాఖు ప్రాంతములనుండి బాతులును కొంగలును వేలకొలది వచ్చును. వాని ముఖ్యస్థానమైన నలబణ దీవి 1987లో పక్షిరక్షిత స్థలముగా ప్రకటింపబడినది. వర్షకాలమున మునిగి, శీతకాలమున మెల్లగా తేలు ఆ బురదదీవి పేరునకు కిక్కిసవనమని అర్థము.

క్షీణత ఎట్లు వచ్చెను

అంతర్జాతీయ ప్రాముఖ్యముగల నీటిపట్లను కాపాడుటకు 1971లో ఇరానులోని రామ్సారు నగరమున ఒక ఒడంబడిక జరిగెను. దానిక్రింద భారతదేశమునుండి మొదట నమోదైన రెండు స్థలములలో చిలికా ఒకటి. అది 1981 సంగతి. రెండవది భరత్‌పూరులోని కేవలాదేవు. పండ్రెండేండ్లు గడచునప్పటికి, 1993లో, చిలికా అదే ఒడంబడికవారి ‘మోంత్రో పట్టిక’ కెక్కెను. ప్రకృతిస్వభావము చెడిపోవుచున్న స్థలముల పట్టిక అది.

కారణములు ఒకదానితో నొకటి ముడిపడియున్నవి. ఎగువ అడవులు పలుచబడుటచే నదులును ఏరులును ఏటేట లక్షల టన్నుల ఒండ్రు తెచ్చినవి. ఇసుక మొగను ఉత్తరమునకు నెట్టుచు పోయెను. సరస్సుకు సముద్రమునకు నడుమనున్న కాలువ 32 కిలోమీటర్ల వరకు పొడవై, ఇరుకై, మెరకలతో నిండెను. అంతదూరము ప్రాకివచ్చునప్పటికి సముద్రపు పోటు బలము ఉడిగిపోయెడిది. ఉప్పునీరు చాలినంత లోపలికి రాకపోగా, వరదనీరు త్వరగా బయటికి పోలేదు. ఒండ్రు కడుగుకొనిపోవు ప్రవాహము లేక అడుగున నిలచెను. ఉప్పు తగ్గినకొలది గుర్రపుడెక్క, కిక్కిస మొదలగు మంచినీటి కలుపులు ఉత్తరభాగమును ఆక్రమించినవి. ఆ కలుపు వేళ్ళమధ్య మరింత ఒండ్రు చిక్కుకొనెను. ఈ విధముగా ఒక దోషము మరియొక దోషమును పెంచెను.

చేపల విషయము మరియు స్పష్టము. చిలికాలోని కొయ్యింగ వంటి చేపలును, రొయ్యలును, పీతలును గ్రుడ్లు పెట్టుటకు సముద్రమునకు పోవలెను. వాని పిల్లలు పోటుతో సరస్సులోనికి తిరిగిరావలెను. రాకపోకల త్రోవ పూడినచో రెండు ప్రయాణములును ఆగును. 1980 దశకము నడుమ చేప, రొయ్య, పీత కలిపి ఏటికి 8 వేల టన్నులకు పైగా దొరకుచుండగా, 1995-96లో అది సుమారు 1,270 టన్నులకు పడిపోయెను.

నీటిపై తగవు

ఇదేకాలమున సరస్సు ఎవరిది యను తగవు ముదిరినది. జమీందారీల రద్దు తరువాత చేపలగుత్తలు ప్రభుత్వము చేతికి వచ్చెను. 1959లో బాలుగాఁవ్ కేంద్రముగా జాలరుల కేంద్రసహకార సంఘమేర్పడి, గుత్తలను తీసికొని ప్రాథమిక సంఘముల కిచ్చుచుండెను. జాలరి కులములవారి పూర్వపు హక్కును ఈ యేర్పాటు చాలవరకు గౌరవించినది. విదేశములలో రొయ్యకు గిరాకి పెరిగిన పిదప పరిస్థితి మారెను. డబ్బుగలవారు, జాలరులు కానివారు, వలలతోను కట్టలతోను నీటిని చుట్టి ఘెరి లనబడు రొయ్యలమళ్ళు వేసిరి. 1991లో వచ్చిన గుత్తల విధానము పెంపకమునకు తలుపు తెరచెను. ఒడిశా ప్రభుత్వముతో కలసి టాటా సంస్థ తలపెట్టిన పెద్ద రొయ్యలపెంపక పథకమునకు ప్రతిగా ‘చిలికా బచావో’ ఆందోళన చెలరేగెను. జాలరులు, విద్యార్థులు, మేధావులు అందు పాల్గొనిరి. కొలదికాలములోనే ఆ పథకము విరమింపబడెను. 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు చిలికా, పులికాటు సరస్సులకు వేయి మీటర్లలోపల రొయ్యలచెరువులు ఉండరాదని తీర్పు చెప్పెను.

తీర్పు వెలువడినను ఘెరీలు తొలగలేదు. 1999 మే నెలలో జాలరులు తామే కొన్నిటిని తొలగించిరి. మే 29వ తేదీ రాత్రి సోరణ గ్రామమున పోలీసుకాల్పులలో నలుగురు మరణించిరి. వారిలో ఒకరు స్త్రీ. చిలికా పునరుద్ధరణ చరిత్రను ఇంజనీర్ల విజయముగా మాత్రమే చెప్పువారు ఈ సంఘటనను విడిచివేయుదురు. అది న్యాయము కాదు. సరస్సు చెడిపోవుచున్నదని మొదట మొరపెట్టినవారు, ఆ మొరకు వెల చెల్లించినవారును దాని ఒడ్డున బ్రదుకువారే.

క్రొత్త మొగ

ఒడిశా ప్రభుత్వము 1991లో చిలికా అభివృద్ధి సంస్థను స్థాపించెను. నీటిపారుదల, మత్స్యశాఖ, అటవీశాఖ, రెవిన్యూ మొదలగు వేర్వేరు శాఖలు వేర్వేరుగా చూచుచున్న సరస్సును ఒకటిగా చూచుట దాని ప్రధానోద్దేశము. ఎచట త్రవ్వవలెనను విషయమున తొందరపడక, పూనాలోని కేంద్రజల విద్యుత్ పరిశోధనాలయమున సరస్సు నమూనాపై పరీక్షలు జరిపించిరి. గోవాలోని జాతీయ సముద్రశాస్త్రసంస్థవారి పరిశీలనలును సాయపడినవి. పాతమొగను త్రవ్వి బాగుచేయుటకంటె, సరస్సునకు దగ్గరగా సిపకుడ వద్ద ఇసుకదిబ్బను ఖండించుట మేలని తేలినది.

2000 సెప్టెంబరు 23వ తేదీన క్రొత్త మొగ తెరువబడెను. సముద్రమునకు దారి సుమారు 18 కిలోమీటర్లు తగ్గెను. లోపల మగరముఖ ప్రాంతమున మూడు కిలోమీటర్లకు పైగా కాలువను త్రవ్వి నీటికి త్రోవ కల్పించిరి. మరుసటి ఋతువుల ఫలితము ఆశ్చర్యకరము. 1999-2000లో సుమారు 1,745 టన్నులుగా నున్న మత్స్యఫలము 2001-02లో 12 వేల టన్నులకు సమీపించెను. ఉప్పు తిరిగివచ్చినచోట మంచినీటి కలుపు వెనుకకు తగ్గెను. ఉప్పునీటి గడ్డి మరల పెరిగెను.

త్రవ్వకము ఒక్కటే చేసియున్నచో ఈ ఫలితము నిలుచుట దుర్లభము. పడమటి కొండలలోని చిన్నపరీవాహకములలో గ్రామస్థుల సహకారముతో మట్టి కోతను ఆపు పనులు జరిగినవి. కలుపుతీత, కాలువల పూడికతీత సాగినవి. మంగళజోడి గ్రామమున ఒకప్పుడు పక్షులను వేటాడి అమ్మిన వారిలో పలువురు ఆ పక్షులకు కాపరులైరి. వేటకై నేర్చిన పక్షివిజ్ఞానమే పడవలలో యాత్రికులకు చూపించు జీవనోపాధిగా మారెను. 2002 నవంబరులో చిలికా మోంత్రో పట్టికనుండి తొలగింపబడెను. ఆసియాలో అట్లు తొలగింపబడిన మొదటి స్థలము ఇదియే. ఆ సంవత్సరమే చిలికా అభివృద్ధి సంస్థకు రామ్సారు పురస్కారము లభించినది. ఇటీవలి శీతకాలపు లెక్కలలో పక్షులు పది లక్షలకు మించినవి. డాల్ఫినులు నూటయేబదికి అటుయిటుగా నున్నవి.

అయినను ఇది ముగిసిన కథ కాదు. త్రవ్విన మొగయు ఇసుకమీదనే యున్నది. 2008లో గబకుండ వద్ద దిబ్బ తానుగా తెగి మరియొక మొగ ఏర్పడెను. 2013లో వచ్చిన ఫైలిన్, 2019 మే నెలలో వచ్చిన ఫని తుపానులు తీరమును మరల మార్చినవి. ఫని తరువాత క్రొత్త తెగుళ్ళు పడి ఉప్పు హెచ్చునను భయము కలిగినది. నదివైపున మహానదిపై కట్టిన కట్టడములను బట్టి సరస్సునకు చేరు మంచినీటి పాలు నిర్ణయమగును. మొగను తెరచుట ఒకనాటి పని. రెండు నీళ్ళ సమత్వమును కాచుట నిత్యకృత్యము. ఘెరీలను తొలగించుట, అవి మరల వెలయుట అను క్రమమును తరువాతి ఏండ్లలోను సాగినది. సరస్సును నమ్ముకొన్న జాలరిజనము సుమారు రెండు లక్షలు. వారి గ్రామములు 130కి పైగా కలవు. పెరిగిన ఫలములో వారి పాలు ఎంత అను ప్రశ్న టన్నుల లెక్కలో కనబడదు.

కొల్లేటితో పోలిక

తెలుగుదేశమున ఇట్టి పరీక్షకు గురియైన సరస్సు కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లమున నిలచిన ఇది మంచినీటిది; బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులును డెల్టా మురుగుకాలువలును దీనిలో పడును; ఉప్పుటేరు అను ఒకే కాలువ దీనిని సముద్రమునకు కలుపును. 1970 దశకమునుండి ప్రభుత్వప్రోత్సాహముతోనే చేపలచెరువులు దీనిలోపలికి చొచ్చుకొనివచ్చినవి. 1999లో ఇది వన్యప్రాణి రక్షితస్థలమయ్యెను. 2002లో, చిలికా అపాయపు పట్టికనుండి బయటపడిన ఏటనే, కొల్లేరు రామ్సారు జాబితాలో చేరెను. 2005-06లో ప్రభుత్వము చెరువుకట్టలను పెద్దయెత్తున ధ్వంసము చేయించెను.

కట్టలు తెగినను సరస్సు తేరుకొనలేదు. కట్టలను నమ్ముకొన్న చిన్నకుటుంబముల జీవనమునకు మారుదారి చాలినంత ఏర్పడలేదు. కాలక్రమమున చెరువులు మరల లేచినవి. చిలికాలో అడ్డు నీటికి సముద్రమునకు నడుమనుండెను. దానిని ఒకచోట ఖండించుట సాధ్యమాయెను. కొల్లేటిలో అడ్డు సరస్సు గర్భమునందే యున్నది. అది వేలమంది ఆస్తియు అప్పును అయియున్నది. దీనివలన తేలునది ఒకటి. లోతులేని సరస్సును బాగుచేయుటకు త్రవ్వుకోలును ప్రేలుడుమందును చాలవు. నీరెట్లు కదలుచున్నదో ముందుగా తెలిసికొనవలెను. ఆ నీటిపై ఎవరు ఎట్లు బ్రదుకుచున్నారో దానితోపాటే తెలిసికొనవలెను. చిలికాలో మొదటిది చక్కగా జరిగెను. రెండవది సగము జరిగెను. కొల్లేటిలో రెండును మిగిలియున్నవి.

కొండలును సరస్సులును

కోరాపుటు, రాయగడల నీరు చిలికాకు చేరదు. కాని అది కొల్లేటికి చేరుననుట వింతగా తోచినను యథార్థము. కోరాపుటు చెంతనున్న సింకారము కొండలలో పుట్టిన కొలాబు నది దిగువన శబరియై, మాచ్‌ఖండ్ నీటిని మోసికొనివచ్చు సీలేరును కలుపుకొని, కూనవరము వద్ద గోదావరిలో చేరును. ఆ నీరు 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట దాటి పడమటి డెల్టా కాలువలలో ప్రవహించి, పొలములు తడిపి, మిగిలినది మురుగుకాలువల ద్వారా కొల్లేట పడును. నాగావళి రాయగడను ఒరసికొని ప్రవహించి శ్రీకాకుళము దాటి కడలి చేరును. వంశధార కొండలలో పుట్టి కళింగపట్నము వద్ద సముద్రమున కలియును. ఈ నదుల మొగలయందును ఇసుకయు పోటును నిత్యము పెనగులాడుచునే యున్నవి.

కొండపై చెట్టు నరికినవాడు సరస్సును చూచియుండకపోవచ్చును. సరస్సులో వలవేయువాడు ఆ కొండ పేరు వినియుండకపోవచ్చును. కాని ఒకరు వదలిన మట్టి మరియొకరి వలలో చిక్కుచున్నది. చిలికా పునరుద్ధరణ పడమటి కొండలలోని గ్రామములవరకు పోవలసివచ్చుటకు కారణమిదియే.

మకరసంక్రాంతి నాడు చిలికా నడుమనున్న కాళీజాయి దీవికి పడవలలో జనులు తండోపతండములుగా పోవుదురు. పెండ్లియై అత్తవారింటికి పోవుచున్న జాయి యను బాలిక పడవ గాలివానలో తలక్రిందులై మునిగెననియు, తండ్రియు పడవవారును బ్రదికిరిగాని ఆమె దొరకలేదనియు, ఆమెయే ఆ దీవి దేవతగా నిలచెననియు కథ. జాలరులు పడవ వదలునపుడు ఆమెను తలచుకొందురు. ఆ నీరు ఎంత మెరకైనను ప్రాణము తీయగలదని వారికి తెలియును. ఆ నీరే ప్రాణము నిలుపుననియు తెలియును. మొగను గూర్చియు, నదిని గూర్చియు, హక్కును గూర్చియు ఇకముందు చేయు నిర్ణయములలో ఆ తెలిసినవారి మాటకు స్థానముండవలెను. సిపకుడ వద్ద తెరచిన త్రోవను ఇసుక మరల ఎన్నడైనను మూయవచ్చును. అప్పుడు క్రొత్త త్రోవ ఎచట త్రవ్వవలెనో చెప్పుటకు శాస్త్రజ్ఞులుందురు. దానివలన కలుగు ఫలము ఎవరికి చేరవలెనో నిర్ణయించుకొనుటకు అంతవరకు వేచియుండనక్కరలేదు.